కలుపు యంత్రం వెనక మనిషి

ఆఫీసులో ఆయనకు 'చేతివాటం' అని పేరు పెట్టారు. కొత్తగా చేరినవాళ్లు ఆ పేరు విని మొదట్లో పర్సులు జాగ్రత్త చేసుకునేవారు. పాపం, దొంగతనం ఆయన ఇంటా వంటా లేదు. ఆయన చేతికున్న జబ్బల్లా ఒక్కటే, ఎక్కడ కలుపు మొక్క కనబడినా పీకకుండా ఉండలేదు. ఆస్పత్రి మెట్ల పగుల్లో కనబడినా వంగుతాడు, కూతురి బడి గోడ పక్కన కనబడినా వంగుతాడు. బస్సు తప్పిపోయినా సరే, పీకే కదులుతాడు.

అలాంటి మనిషికి దేవుడు చూసి చూసి కలుపు తీసే రోబో అమ్మే ఉద్యోగం ఇచ్చాడు. మందులు చల్లకుండా కూరగాయలు పండించే తోటల కోసం తయారైన యంత్రం అది. నాలుగు చక్రాల మీద మడి పొడుగునా నెమ్మదిగా నడుస్తూ, ఏది పంటో ఏది కలుపో కెమెరాతో చూసుకుంటూ, చిన్న కత్తులతో కలుపును కోసేస్తుంది. బుద్ధిమంతురాలే గానీ కాస్త పిరికిది. పంట మొక్కను ఆనుకుని మొలిచిన కలుపు జోలికి మాత్రం పోదు. ఎక్కడ పంట తెగిపోతుందోనని దాని భయం.

చిక్కంతా అక్కడే వచ్చింది. యంత్రం పనితనం చూపించడానికి వెళ్లిన ప్రతి తోటలోనూ ఈయన దాని వెనకే నడిచేవాడు. నోరు యంత్రం గొప్పలు చెబుతుంటే, చెయ్యి తన దారిన తాను కిందికి వంగి, అది వదిలేసినవన్నీ పీకేసేది. తిరిగి చూస్తే మడి అద్దంలా ఉండేది. రైతులు ముక్కున వేలేసుకుని, కొన్నాళ్లు వాడి చూస్తామని ఉంచుకునేవారు. తర్వాత "మీరున్నప్పుడు బాగానే చేసిందండీ" అంటూ పంపేసేవారు. వెళ్లిన యంత్రమల్లా అలిగిన కోడలిలా గోడౌనుకు తిరిగొచ్చేది.

చివరికి యజమాని పిలిచి మెత్తగానే చెప్పాడు. ఈ పంటకాలంలో ఒక్క యంత్రమైనా ఏదో ఒక తోటలో నిలవకపోతే ఈ వ్యాపారం మూసేస్తానని, ఆయన మళ్లీ పాత పనికి, అంటే కలుపు మందు అమ్మడానికి, వెళ్లాలని. మందు అమ్మిన రోజుల్లో సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టగానే కూతురు ఎత్తుకోమని ఉరికొచ్చేది. ఈయన మందు అంటిన రెండు చేతులూ పైకెత్తి పెరటి కొళాయి దగ్గరికి పారిపోయేవాడు. రుద్దుకుని రుద్దుకుని స్నానం చేసి వచ్చేసరికి పిల్ల నిద్రపోయి ఉండేది. ఆ రోజులు మళ్లీ రావడం ఆయనకు చచ్చినా ఇష్టం లేదు.

భార్యకు ఇవేవీ చెప్పనక్కర్లేదు. మొగుడి గోళ్లలో మట్టి చూసి ఆ రోజు తోటలో ఏం జరిగిందో చెప్పేస్తుంది. ఈసారి ఆయన, అందరూ పెద్దక్క అని పిలిచే ఒక క్యారెట్ రైతు దగ్గరికి బయల్దేరుతుంటే, ఒక చేతికి గొడుగూ ఇంకో చేతికి పెద్ద నీళ్ల సీసా అందించింది.

"ఈ రెండూ కింద పెట్టారో, మీకూ నాకూ మాటల్లేవు."

తోటలో మీట నొక్కి, సీసా చంకన ఇరికించుకుని గొడుగు తెరిచాడు. మబ్బు పట్టిన పూట గొడుగెందుకని పెద్దక్క అడిగితే, కెమెరాకు ఎక్కువ వెలుగు పడదని ఏదో కోత కోశాడు. క్యారెట్ మొక్కలు అప్పటికింకా వేలెడు కూడా లేవు. యంత్రం వాటి మధ్య నుంచి ఒద్దికగా సాగిపోయింది, భయం వేసిన చోటల్లా కలుపును వదిలేస్తూ. వదిలేసినది కనబడ్డప్పుడల్లా ఈయన ప్రాణం గిలగిల్లాడింది. సీసా కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి, గొడుగు ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మారుతూనే ఉన్నాయి. అయినా వంగలేదు.

మడి చివర పెద్దక్క మోకాళ్లు పట్టుకుని వంగి, క్యారెట్‌ను ఆనుకుని ఉన్న ఒక కలుపు మొక్కను చూపించింది. "మరి దీన్నెందుకు వదిలేసింది?"

గొప్పలు చెప్పే నోటికి ఆ పూట ఒక్క గొప్పా దొరకలేదు.

"దానికి చేతకాదక్కా," అన్నాడు. "మొక్కకి మరీ దగ్గరున్నవి తియ్యడం దానికి రాదు. ఇన్నాళ్లూ వెనకాల నేనే పీకేవాణ్ణి."

చెప్పాక కలుపు మందు డబ్బాలు కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి.

"తెలుసులే. పక్క తోటవాళ్లు చెప్పారు," అంది పెద్దక్క. "అది ఏం చేస్తుందో అందరూ చెబుతారు. ఏం చెయ్యదో నీ నోటివెంట విందామనే పిలిపించాను. మడంతా కూర్చుని పీకాలంటే నా మోకాళ్ల వల్ల కావట్లేదు గానీ, మిగిలిన ఈ కాసినీ నేను పీక్కోలేనా? ఉంచి వెళ్లు. రేపు రిపేరుకొచ్చినా సరే, నా మడిలో మాత్రం చెయ్యి పెట్టకు."

సాయంత్రం ఇల్లు చేరేసరికి కూతురు ఎప్పటిలాగే ఉరికొచ్చింది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, ఈయన చేతులు వాటంతటవే పైకి లేచాయి, కాళ్లు కొళాయి వైపు తిరిగాయి. భార్య అడ్డం నిలబడి, ఆ చేతులు కిందికి దించి, గోళ్లు ఒక్కొక్కటీ చూసింది.

"శుభ్రంగానే ఉన్నాయిగా," అంది. "ఎత్తుకోండి."