అడ్డమొచ్చిన మాట

1958 జూన్‌లో నేను నిజామాబాద్ సెషన్స్ కోర్టులో తర్జుమాదారుగా చేరాను. మాది జక్రాన్‌పల్లి. చదివింది ఉర్దూలో, ఇంట్లో మాట్లాడింది తెలుగు, ఆ తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నది ఇంగ్లీషు. ఆ రోజుల్లో ఈ మూడూ వచ్చినవాడికి మా జిల్లాలో పని తేలిగ్గానే దొరికేది. ఆంధ్ర, తెలంగాణ కలిసి రెండేళ్లు కూడా కాలేదు. ఠాణాల్లో, పటేళ్ల దగ్గర కాగితాలన్నీ ఇంకా ఉర్దూలోనే ఉండేవి. కొత్తగా వచ్చిన జడ్జిగారు కోస్తా వైపు మనిషి, ఆయనకు ఉర్దూ అక్షరం రాదు. ఉర్దూ కాగితాన్ని ఇంగ్లీషు చేసి, అడుగున ‘అసలుకు సరియైన తర్జుమా’ అని రాసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. ఆ సంతకం పడ్డాక అసలు కాగితాన్ని తిరగేసి చూసేవాళ్లు దాదాపు లేరు.

రెండేళ్ల ప్రొబేషన్. అందులో ఏడాది నిండకముందే బోధన్ వైపు నుంచి ఒక హత్య కేసు వచ్చింది. చెరకు మడికి కాలువ నీటి వంతు దగ్గర గొడవై లచ్చన్న అనే రైతును కట్టెలతో కొట్టారు. ప్రాణం పోయేముందు అతను తెలుగులో చెప్పిన మాటలను ఊళ్లో నేరాల సంగతి చూసే పోలీసు పటేల్ ఉర్దూలో రాసుకున్నాడు. దీన్ని మరణ వాంగ్మూలం అంటారు. చనిపోతున్న మనిషి అబద్ధం చెప్పడన్న నమ్మకంతో కోర్టులు దానికి చాలా బరువు ఇస్తాయి.

ముద్దాయిలు ముగ్గురు. ఇద్దరు అన్నదమ్ములు కొట్టారనడానికి చూసినవాళ్లున్నారు. మూడోవాడు రాజన్న, వాళ్ల పాలివాడు, అంటే దాయాది. అతని గురించి వాంగ్మూలంలో ఉన్నది ఒకే వాక్యం: ‘రాజన్న ఆడే ఆయా.’ నేను దాన్ని, లచ్చన్న తప్పించుకోకుండా రాజన్న దారి కట్టాడని ఇంగ్లీషు చేశాను. దాంతో అతను హత్యలో మిగతా ఇద్దరితో సమాన భాగస్థుడయ్యాడు. రుజువైతే ఉరి, లేదంటే యావజ్జీవం.

రాజన్న తరఫు వకీలు విఠల్‌రావు గారు. నలభై దాటిన మనిషి. చెరకు రైతులు బోధన్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఆయన వాకిట్లో కూర్చునేవారు. కోర్టులో గొంతు పెంచేవారు కాదు. ఆయనను ఎదుర్కోవడం కష్టమని పబ్లిక్ ప్రాసిక్యూటరు కూడా ఒప్పుకునేవాడు.

పటేల్ బోనెక్కినప్పుడు, లచ్చన్న సరిగ్గా ఏ మాట అన్నాడని విఠల్‌రావు గారు అడిగారు. “ఆయన ఏమన్నడో గదే ఉర్దూల రాసిన సాబ్. ఇప్పుడు మాటకు మాట యాదికి లేదు” అన్నాడు పటేల్. వకీలు గారు అసలు కాగితం తెప్పించుకుని నిలబడే చదివారు. ఆయనదీ ఉర్దూ చదువే. మర్నాడు, తర్జుమాదారును సాక్షిగా పిలిపించాలని దరఖాస్తు పెట్టారు. జడ్జిగారు మంజూరు చేశారు. సోమవారం నాకు సమన్లు.

మా శిరస్తాదారు, అంటే కోర్టు గుమాస్తాలందరికీ పెద్ద, ఖాదర్ సాబ్. శనివారం సాయంత్రం నన్ను పిలిచి ఉర్దూలో చెప్పినదాని సారం ఇది: నీకు సరైందనిపించిన అర్థం రాశావు, అంతవరకే చెప్పు, ఒక్క మాట ఎక్కువ చెప్తే ప్రొబేషన్‌లోనే ఉద్యోగం పోతుంది. నా మేలు కోరే చెప్పాడాయన. ఇంట్లో బాపు, అంటే మా నాన్న, చూపు ఆనక వ్యవసాయం వదిలేశాడు, ఇల్లు నా మీదే నడుస్తోంది. కానీ ఖాదర్ సాబ్‌కు తెలియని సంగతి నాకొకటి తెలుసు.

సోమవారం బోనులో నిలబడ్డాను. రోజూ నేను కూర్చునే బల్ల అక్కడి నుంచి కొత్తగా కనిపించింది. రాజన్న ఎదుటి బోనులో కటకటాలు పట్టుకుని నా నోటి వైపే చూస్తున్నాడు. మేం మాట్లాడుకునేది అతనికి ఎంతవరకు అర్థమైందో తెలియదు.

“ఆడే ఆయా అంటే మన తెలుగుల ఏమంటరు?” అని విఠల్‌రావు గారు అడిగారు.

“అడ్డమొచ్చిండు అంటం.”

“ఆ మాటకు ఎన్ని అర్థాలున్నయి?”

“రెండున్నయి. పోకుండ ఆపిండని ఒకటి. దెబ్బ తగలకుండ నడుమ నిలబడ్డడని ఇంకొకటి.”

“రెండోది తర్జుమా చేసిననాడు మీకు ఎరుకేనా?”

“ఎరుకే.”

“మరి ఎందుకు రాయలే?”

జడ్జిగారు కలం ఆపి తలెత్తారు. ప్రాసిక్యూటరు అభ్యంతరం చెప్పబోతే చేత్తో వారించారు. విఠల్‌రావు గారు దానికి జవాబు కోసం పట్టుబట్టలేదు. తర్వాత అడిగిన ప్రశ్న కోసమే ఆయన నన్ను పిలిపించారని అప్పుడు తెలిసింది.

“ఈ కాగితం తర్జుమా చేసేకంటే ముందు ఆ ఫైలుల ఇంకేం చదివిన్రు?”

ఖాదర్ సాబ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను ఆయన వైపు చూడలేదు.

“పోలీసుల చార్జిషీటు చదివిన. అండ్ల ముగ్గురూ కలిసి కొట్టిన్రని ఉన్నది. దానికి కుదిరే అర్థమే రాసిన.”

జడ్జిగారు ఆ మాటలు తన చేత్తో నమోదు చేసుకున్నారు. నన్ను దిగమన్నారు.

ఆ తర్వాత వకీలు గారు డాక్టరు సర్టిఫికెట్ తీశారు. రాజన్న మోచేతి కింద కట్టె దెబ్బకు ఎముక చిట్లింది. తోపులాటలో తగిలిందని పోలీసులు రాశారు. దెబ్బను ఆపడానికి చెయ్యి అడ్డం పెట్టినవాడికి సరిగ్గా అక్కడే తగులుతుందని ఆయన వాదించారు. పది రోజులకు తీర్పు వచ్చింది. అన్నదమ్ములిద్దరికీ యావజ్జీవం, రాజన్న విడుదల.

నాకు మెమో వచ్చింది. ఉద్యోగం పోలేదు గాని ప్రొబేషన్ ఇంకో ఏడాది పెంచి, బోధన్ మున్సిఫ్ కోర్టులో నకళ్లు రాసే పనికి వేశారు. విఠల్‌రావు గారు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

కొన్నేళ్లకు ఆయన లోక్‌సభకు నిలబడి గెలిచారు. భీమ్‌గల్ నుంచి బోధన్ దాకా ఏ ఊళ్లో చూసినా, ఫలానా కేసులో మమ్మల్ని కాపాడిండు అని చెప్పేవాళ్లు కనిపించేవారు. ఢిల్లీ నుంచి వచ్చినప్పుడల్లా ఇంటి ముందు దరఖాస్తులు పట్టుకున్న జనం. ఒకసారి నేనూ ఆ వరుసలో కూర్చున్నాను. అప్పటికి బాపుకు చూపు పూర్తిగా పోయింది. నిజామాబాద్‌కు బదిలీ కావాలి.

నన్ను చూడగానే గుర్తుపట్టారు. దరఖాస్తు రెండుసార్లు చదివి తిరిగి నా చేతికే ఇచ్చారు.

“నేనొక్క చిట్టి రాస్తే నీ పని ఐతది. కానీ ఆనాడు నువ్వు బోనుల చెప్పింది నాకోసం చెప్పినవంటరు. రాజన్న ఇంకా గా ఊర్లనే బతుకుతున్నడు. జనం కండ్ల ముంగట ఆయనను మళ్ల బోనెక్కించినట్టే ఐతది. ఛాయ్ తాగి పో.”

ఛాయ్ తాగాను. బస్సులో వస్తూ ఆయన మీద కోపమే పెట్టుకున్నాను. ఆ కోపం చాన్నాళ్లు ఉంది. ఇంకో నాలుగేళ్లు బోధన్‌లోనే చేసి, సీనియారిటీ మీద నిజామాబాద్‌కు తిరిగొచ్చాను. అప్పటికి బాపు లేడు. విఠల్‌రావు గారు తర్వాతి ఎన్నికలో ఓడిపోయి మళ్లీ నల్లకోటు తొడుక్కున్నారు.

తర్జుమా పనికి కొత్తగా చేరినవాళ్లకు నేను రెండు సంగతులు చెప్పేవాణ్ని. చేతిలో ఉన్న కాగితం పూర్తయ్యేదాకా ఫైలులో ఇంకో కాగితం చదవకూడదు. రెండు అర్థాలున్న చోట రెండూ రాసి, ఎంచుకునే పని జడ్జికి వదిలేయాలి. మూడోది విఠల్‌రావు గారి దగ్గర నేర్చుకున్నాను గాని ఎవరికీ చెప్పలేదు: సాక్ష్యం చెప్పినవాడు తనను బోనెక్కించిన వకీలు గడప తొక్కి ఏదీ అడగకూడదు, అవసరం ఎంతటిదైనా సరే.