తూర్పుకి బయల్దేరిన బ్యాగు

ఆ రోజుల్లో మనుషులకు ధైర్యం ఎక్కువని పెద్దవాళ్ళు తమ కాలం గురించి చెప్పుకుంటారు. నా కాలం వచ్చేసరికి ధైర్యమంతా ఫోన్లో చేరింది. నాకు అప్పుడు కొత్తగా ఉద్యోగం. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబు. రైతులు సీసాల్లో నీళ్ళు తెచ్చి బల్ల మీద పెడితే ఉప్పు ఎంతుందో, రొయ్యకు పడుతుందో లేదో చూసి చెప్పాలి. పొద్దస్తమానం పాచిరంగు నీళ్ళూ టీ రంగు నీళ్ళూ చూసి, సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద వాలి ఫోన్ తెరిస్తే అండమాన్ సముద్రం. అడుగున ఇసక కూడా కనిపించే నీలం. (ఆ నీళ్ళలో ఉప్పు ఎంత ఉంటుందో అని నాకు అనిపించిన మాట నిజమే. ఏం చేస్తాం, వృత్తిదోషం.) ఆ వీడియోలో నా వయసు అమ్మాయి ఒకతి వీపున పెద్ద బ్యాగు తగిలించుకుని, ఒంటరిగా తిరిగితేనే మనమెవరో మనకు తెలుస్తుందని చెప్పేది. మా ఇంట్లో నేను ఒంటరిగా వెళ్ళిన చోటు స్నానాలగది ఒక్కటే, అక్కడా ఎవరో ఒకరు తలుపు తడుతూనే ఉండేవాళ్ళు. కూతవేటు దూరంలో ఉన్న మైపాడు బీచికి కూడా ట్రాక్టరు నిండా జనంతో, పులిహోర గిన్నెతో సహా వెళ్ళి, మోకాళ్ళ దాకా తడిసి తిరిగి రావడమే మాకు తెలిసిన సముద్రయానం. అందుకని నేను అండమాన్ వెళ్ళాలనీ, ఒక్కదాన్నే వెళ్ళాలనీ తీర్మానించుకున్నాను.

ఈత రాదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. అప్పటికే నీలం రంగు బ్యాగు కొనేశాను, నీళ్ళలోపల చూసే కళ్ళద్దాలూ నోట్లో పెట్టుకునే గొట్టమూ తెప్పించేశాను. సాయంత్రాలు బ్యాగులో రెండు దిండ్లూ ఒక రోకలీ కుక్కి మిద్దె మీద అటూ ఇటూ నడిచేదాన్ని. గొట్టంతో గాలి పీల్చే సాధనకు పెరట్లో గేదెలు నీళ్ళు తాగే తొట్టి ఉండనే ఉంది. నేను తల ముంచినప్పుడల్లా మా గేదె నీళ్ళు తాగడం మానేసి నన్నే చూసేది. నాయన మాత్రం ఇదంతా చూసి రిటన్ టికెట్ కూడా తీసినావా అని ఒక్క మాట అడిగి పొలానికి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో అనుమతి ఇవ్వడమంటే అదే. అమ్మ కాసేపు ముక్కు చీది, ఆ తర్వాత కందిపొడి కొట్టడం మొదలుపెట్టింది. ఇక మిగిలింది అవ్వ.

అవ్వ, అంటే నాయన తల్లి, దీవంటే ఏమిటని అడగలేదు. ఎందుకని అడగలేదు. వక్క నములుతూ ఏ వారం, ఏ దిక్కు అని మాత్రం అడిగింది. శనివారమనీ, చెన్నై వెళ్ళి విమానం ఎక్కాలి కాబట్టి దక్షిణమనీ తెలివిగా చెప్పాను.

"రైలు సంగతి నేనడగలా. నువ్వు పోయి చేరేది యాడికి?"

"తూర్పుకే అవ్వా."

"శనివారం తూర్పు శూల. పోబాక."

టికెట్ మార్చడం కుదరదని నేను, శూల మార్చడం కుదరదని అవ్వ, రెండు రోజులు మాటల్లేకుండా తిరిగాం. చివరికి దారి కూడా అవ్వే కనిపెట్టింది. పరస్థానం పెడదామంది. మనం వెళ్ళే రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి రోజు చూసి మన వస్తువేదైనా ఆ దిక్కున మరొకరి ఇంట్లో పెడితే సరి, మనం అప్పుడే బయల్దేరినట్టు లెక్క. ఒక్కటే నియమం: పెట్టిన వస్తువు మళ్ళీ మన గడప తొక్కకూడదు. తొక్కితే ప్రయాణం అయిపోయినట్టే. మామూలుగా ఒక తువ్వాలో కొబ్బరికాయో పెడతారు. నాకు ఉత్సాహం ఎక్కువై బ్యాగే పెట్టేద్దామన్నాను. ఎవరి ఇంట్లో అన్న ప్రశ్నే రాలేదు. రోజూ మైపాడు నుంచి మా వీధికి చేపలు తెచ్చి అమ్మే చేపలక్క ఉంది. ఆమె ఇల్లు దాటితే సముద్రమే, ఇంకో ఇల్లు లేదు. అంతకంటే తూర్పు ఎవరు మాత్రం ఇవ్వగలరని అవ్వ పొంగిపోయింది.

బుధవారం పొద్దున కొత్త బ్యాగు నుదుట (బ్యాగుకు నుదురు ఎక్కడుందో అవ్వకే తెలుసు) పసుపు రాసి, కుంకుమ పెట్టి, చేపలక్క ఖాళీ గంపల మధ్య ఆటోలో కూర్చోబెట్టాం. వీధి వీధంతా వచ్చి దాన్ని సాగనంపింది. నేను చెయ్యి కూడా ఊపాను. ఆటో మలుపు తిరిగాక నాకు బుర్రలో వెలిగింది. చెన్నై రైలు ఎక్కాలంటే నెల్లూరుకు, అంటే పడమరకు పోవాలి. బ్యాగేమో తూర్పున ఉంది. దాన్ని తెచ్చుకోవాలంటే నేను శనివారం తూర్పుకే పోవాలి. అది తప్పించుకోవడానికే గదా ఇంత తతంగం. ఆఖరికి శనివారం చేపలక్కే బ్యాగుతో ఆటోలో వస్తుందనీ, ఆటో మా వీధిలోకి తిరగకుండా రోడ్డు మీదే నిలబడుతుందనీ, నేను వెళ్ళి అందులో ఎక్కుతాననీ నాయన తేల్చాడు. గడప తొక్కనంత వరకూ అభ్యంతరం లేదని అవ్వ ఒప్పుకుంది.

నా మంచి బట్టలన్నీ బ్యాగుతో పాటు వెళ్ళిపోవడంతో మర్నాడు పాత చుడీదారులో ల్యాబుకు వెళ్ళాను. చేపలక్క వచ్చి బ్యాగు క్షేమ సమాచారాలు చెప్పేది. దాని మీద పిల్లి పండుకునిందట. ఆ దీవిలో చేపలు దొరుకుతాయో లేదోనని ఎండు నెత్తళ్ళు ఒక పొట్లం కట్టి బట్టల మధ్యలో పెట్టిందట. మైపాడులో వాళ్ళ పేట జనమంతా వచ్చి నా కళ్ళద్దాలు పెట్టుకుని చూశారట. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సముద్రం మీదే ఉన్న ఆమె మొగుడు కూడా పెట్టుకుని బక్కెట్లోకి చూసి, లోపలికి పోయి చూసేదేంది, పైకి తెచ్చి చూస్తే పోలా అన్నాడట.

శుక్రవారం మధ్యాహ్నానికి గాలి మారింది. మా వైపు పుట్టినవాళ్ళకు వాయుగుండం గురించి టీవీ చెప్పనక్కర్లేదు. సాయంత్రానికి విమానం రద్దయిందని ఫోనుకు కబురొచ్చింది. రొయ్యలు పట్టుబడికి వచ్చే కాలం, మళ్ళీ ఇప్పట్లో సెలవు అడగొద్దని ల్యాబు ఓనరు ముందే చెప్పి ఉన్నాడు. పెరట్లోకి వెళ్ళి తొట్టి పక్కన కూర్చుని బాగా ఏడ్చాను. నీలం నీళ్ళ కోసం కాదు. నేను ఎవరి కూతురినో, ఎవరి మనవరాలినో తెలియని చోట నాలుగు రోజులు ఉండి చూడాలని నాకు నిజంగా ఉండేది. అది పోయింది. గేదె ఆ రోజు కూడా నన్నే చూసింది.

వాన తెరిపివ్వగానే బ్యాగు తెప్పిస్తానని అమ్మ నన్ను ఓదారుస్తుంటే, అవ్వ గోడ పట్టుకుని వచ్చి నిలబడింది.

"దాన్ని ఇంటికి తేబాకండి."

"ప్రయాణం ఆగిపోయింది గదత్తా," అంది అమ్మ.

"ఎవురు చెప్పినారు ఆగిపోయిందని? ఈ బిడ్డ బుధవారమే బయల్దేరింది. సంచి ఇంటికొస్తేనే అయిపోయినట్టు. ఆడే ఉండనీ. ఎప్పుడు పోవాలంటే అప్పుడు పోతుంది."

అవ్వ తన జన్మలో ఒంటరిగా నాయుడుపేట కూడా చూసి ఎరగదు. ఆ మాట ఆమె శాస్త్రం కోసం అన్నదో నాకోసం అన్నదో ఆ రోజు నేను ఆలోచించలేదు. ఇంకా గట్టిగా ఏడ్చాను. బ్యాగు రాకూడదు గాని బట్టలు రావచ్చని తీర్పు వచ్చింది కాబట్టి, చేపలక్క రోజుకొకటి చొప్పున వాటిని చేపల గంపలోనే చేరవేసింది. ఆ నెలంతా ల్యాబులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

అండమాన్ తర్వాత చూశాననుకోండి. పెళ్ళయ్యాక, మా ఆయన, అత్తామామలు, ఆడబిడ్డ, ఆమె పిల్లలతో, చక్రాల పెట్టెలు లాక్కుంటూ వెళ్ళాం. నీళ్ళు నిజంగానే నీలం. మా అత్తగారు పులిహోర కలుపుకొచ్చింది, అందరం మోకాళ్ళ దాకా తడిశాం. తిరిగొచ్చి అవ్వతో నీ పరస్థానం ఫలించిందంటే ఆమె నవ్వింది. అది ప్రయాణం కాదే, కాపరమే, చోటు మారిందంతే అంది. ఇప్పుడు అవ్వ లేదు.

మొన్న ఒక ఆదివారం, ఎవరితోనూ చెప్పకుండా, బస్సెక్కి మైపాడు వెళ్ళాను. బ్యాగు చేపలక్క ఇంట్లో దూలానికి వేలాడుతోంది. పసుపు మరక ఇంకా పోలేదు. లోపల ఉల్లిపాయలు, వాటి అడుగున నా కళ్ళద్దాలు. తీసకపోతావా పాపా అని చేపలక్క అడిగింది. దించి వీపుకు తగిలించుకున్నాను. నడుము దగ్గర బకిల్ జానెడు దూరంలో ఆగిపోయింది. (ఉప్పు గాలికి పట్టీ కుంచించుకుపోయి ఉంటుందని మేమిద్దరం ఒప్పుకున్నాం.) అలాగే కాసేపు గుమ్మంలో నిలబడి సముద్రం వైపు చూసి, మళ్ళీ జాగ్రత్తగా దూలానికే తగిలించి వచ్చేశాను. ఇంటికి తెస్తే అయిపోయినట్టే గదా. అవ్వ లెక్కలో నేను ఇంకా దారిలోనే ఉన్నాను. ఎప్పుడైనా చేరతాను, శనివారం కాకుండా చూసుకోవాలి, అంతే.