పుర్రచేతికి దొరికిన బాకా

దల్లాలు తోమిన మర్నాడు నా అరచేతుల్లోంచి ఇత్తడి వాసన ఒక పట్టాన పోదు. సబ్బు పెట్టినా పోదు, నిమ్మచెక్క రుద్దినా పోదు. దల్లా అంటే కువైట్ ఇళ్లల్లో గహ్వా పోసే కూజా. గహ్వా అంటే యాలకులు వేసి కాచే పలచటి అరబ్బు కాఫీ. పెళ్లిళ్లలో, విందుల్లో ఆ గహ్వా పోయడమే ఇప్పుడు నా పని. నా కింద ఆరుగురు అమ్మాయిలున్నారు. నిన్న సల్వాలో ఒక పెళ్లివారికి పోసి వచ్చాం. ఇవాళ పొద్దున్న టీ తాగుదామని కప్పు ముఖం దగ్గరికి తెచ్చానో లేదో ఆ వాసన గుప్పుమంది. దానికి నాకు గుర్తొచ్చేది గహ్వా కాదు, ట్రంపెట్టు. ట్రంపెట్టు గుర్తొచ్చిందంటే సత్యవతక్క గుర్తొచ్చినట్టే.

ముందే చెప్పేస్తాను, నాకు ట్రంపెట్టు వాయించడం రాదు. ఒక్క పాట రాదు, పాటలో ఒక్క ముక్క రాదు. పెట్టెలోంచి తియ్యడం వచ్చు, అమర్చడం వచ్చు, పట్టుకోవడం వచ్చు. ఆ మూడూ ఎవరికీ తీసిపోనంత బాగా వచ్చు. నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఈ దేశంలో నేను నిలదొక్కుకున్నది ఆ మూడింటి వల్లే.

నాది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు మా నాయనమ్మ నా ఎడమ చేతికి గోరింటాకు ముద్ద పెట్టి, ఆరేలోగా కుడిచేత్తో అన్నం తినెయ్యమనేది. నెలకి నాలుగుసార్లు గోరింటాకు పెట్టిన పిల్ల మా వీధిలో నేనొక్కదాన్నే. చెయ్యి పండింది గానీ వాటం మారలేదు. నేను కువైట్ బయల్దేరిన రోజు కూడా మా అమ్మ, “పుర్రచేతిదాన్ని ఏ ఇంట్లోనూ రెండు నెలలు ఉంచుకోరు, చూసుకో” అంది. శాపం పెట్టలేదు, భయంతో అంది. కానీ ఆ మాట విమానం దిగేదాకా నా చెవిలో జోరీగలా తిరిగింది.

రుమైథియాలో నేను చేరిన ఇంట్లో మూడో వారానికే అమ్మ మాట నిజమయ్యేలా ఉంది. చుట్టాలొస్తే టీ ఇమ్మన్నారు. అలవాటు ఊరుకుంటుందా, ఒక చుట్టపావిడకి ఎడమ చేత్తో అందించాను. మన దగ్గర ఎంత తప్పో అక్కడా అంతే తప్పు. ఆవిడ కప్పు అందుకోలేదు. మా యజమానురాలు, మేం మామా అని పిలిచే ఆవిడ, అందరి ముందూ ఏమీ అనలేదు గానీ వంటింట్లోకి వచ్చి నా ఎడమ మణికట్టు మీద వేలితో రెండుసార్లు కొట్టి, ఇది వద్దు అంది. మర్నాటి నుంచి ఎడమ చేతిని గౌను జేబులో దాచుకుని మొత్తం కుడిచేత్తోనే చెయ్యబోయాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. టీ పళ్లెం ఒరిగి తివాచీ మీద పడింది. అప్పుడు చెప్పింది మామా, అరబ్బీలో, నాకు అర్థమయ్యేంత నెమ్మదిగా: వచ్చే నెల మొదటి మంగళవారం మా అత్తగారు చుట్టాలందరితో వస్తుంది, ఆ రోజు కూడా ఇలాగే చేశావంటే ఖలాస్, మక్తబ్‌కి పంపేస్తాను.

మక్తబ్ అంటే మమ్మల్ని తెప్పించిన ఆఫీసు. మొదటి కొన్ని నెలల్లో పిల్ల నచ్చకపోతే, కొలత సరిపోని జాకెట్టులా వాపసు ఇచ్చెయ్యొచ్చు. వాపసొచ్చిన పిల్లని ఇంకో ఇంటివాళ్లు తీసుకోవాలంటే ముందు అడిగేది, ఎందుకు వాపసొచ్చింది అనే. చెయ్యి బాగాలేక అని చెబుతారు కదా నా గురించి. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. దేవుడిచ్చిన చెయ్యి నేనేం చేసుకోను?

ఆ ఇంట్లో నాకన్నా ముందు నుంచి ఉన్నది సత్యవతక్క. పన్నెండేళ్ల నుంచి ఉంది. రాజోలు పక్క మనిషి, పొట్టిగా, రోకలిలా గట్టిగా ఉండేది. వంటంతా ఆవిడదే. పెద్దింటి చుట్టాలొస్తే గహ్వా పోసేదీ ఆవిడే. ఆ ఇంట్లో మా పనుల్లో అన్నిటికన్నా గౌరవమైన పని అది. వాళ్ల నాన్న బ్యాండు మేళం మాస్టారు. పెళ్లిళ్లకీ జాతరలకీ ఎనిమిది మందితో వెళ్లేవాడట. ఆ విషయం నాకు తెలిసింది మామా కూతురు దానా వల్ల. దానాకి పదకొండేళ్లు, బళ్లో ట్రంపెట్టు నేర్చుకుంటోంది. వారానికి రెండుసార్లు సాయంత్రం నాలుగింటికి మాస్టారు ఇంటికి వస్తాడు. ఆయన వచ్చేసరికి ట్రంపెట్టు సిద్ధంగా ఉండాలి. దానాకి బద్ధకం. ఆ పని సత్యవతక్క చేసేది. తివాచీ గొడవ జరిగిన రెండో రోజు, “రత్నం, ఇయ్యాల్టి నుంచి బాకా పని నీది” అని పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది.

పెట్టె తెరిచాను. బంగారం రంగులో మిలమిలలాడుతూ ఉంది. కుడిచెయ్యి పెట్టి, వెడల్పాటి నోరు పట్టుకుని పైకి లాగాను.

“బాకాని మూతట్టుకుని ఎత్తుతావేంటే? బిడ్డని చెవట్టుకుని ఎత్తుతావా?” అంది అక్క. తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసి, “ఆ ఎడం చెయ్యేదీ?” అంది.

“జేబులో ఉందక్కా.”

“ఎందుకూ?”

“మామా చూసిందంటే పంపించేస్తుంది.”

“మామా టీ గురించి అంది. బాకా గురించి అన్లేదుగా. తియ్యి బయటికి.”

తీశాను. ఆ చెయ్యి చెమటతో తడిసి ఉంది. అక్క తన గుడ్డతో నా అరచెయ్యి తుడిచి, మధ్యలో ఉన్న మూడు గొట్టాల చుట్టూ వేళ్లు చుట్టించింది. ఉంగరపు వేలు అక్కడున్న రింగులో పెట్టించింది. “బరువంతా దీందే. కుడిచెయ్యి అసలు మొయ్యకూడదు. వేళ్ల కొసలు ఈ మూడు మీటల మీద ఊరికే ఆనాలి, గుడ్డట్టుకున్నట్టు. చిటికెనేలు ఆ కొక్కెంలో దూర్చకు, దూర్చేవంటే బరువు ఇటొచ్చేస్తది, వేళ్లు బిగుసుకుపోతాయి. మోచేతులు ఒంటికి అంటించకు, ఊపిరాడదు” అంది. నేను నిలబడ్డాను. ఎడమ చేత్తో అంత బరువైన వస్తువుని అందరికీ కనబడేలా, తప్పు చేస్తున్నట్టు కాకుండా పట్టుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

“మా నాన దగ్గర కొత్తోడెవడొచ్చినా నెల్లాళ్లు ఊదనిచ్చేవోడు కాదే,” అంది అక్క. “తియ్యడం, అమర్చడం, పట్టుకుని నిలబడ్డం, తుడిచి పెట్టెయ్యడం. అంతే. పట్టుకోడం రానోడి బాకా పలకదనేవోడు. తొమ్మిదో ఏట నుంచి ఎనిమిది మంది సామానూ నేనే అమర్చి ఇచ్చేదాన్ని.”

“మరి నువ్వు వాయించేదానివా?”

“ఆడపిల్లని ఊరేగింపులోకి ఎవడు రానిత్తాడే? మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి ఇనేదాన్ని.” ఆ మాట ఉల్లిపాయలు తరుగుతూ అంది. నేను ముఖం చూడలేదు.

నాకు తొందరెక్కువ. నాలుగోసారో ఐదోసారో, ఊదే ముక్కని గొట్టంలో పెట్టి, సరిగ్గా కూర్చోలేదేమోనని అరచేత్తో ఒక్క చరుపు చరిచాను. టప్‌మని చక్కగా చప్పుడైంది. బాగుంది కదాని ఇంకోటి చరిచాను. మాస్టారు వెళ్లాక తియ్యబోతే రాదు. గుంజాను, రాదు. గుడ్డ వేసి తిప్పాను, రాదు. తివాచీ తర్వాత ట్రంపెట్టు కూడానా, ఇక మంగళవారం దాకా కూడా ఆగరు అనుకున్నాను. వంటింట్లోకి వెళ్లి అక్క ముందు నిలబడ్డాను. ట్రంపెట్టు చూపించాను.

అక్క తిట్టలేదు. వేణ్నీళ్లలో గుడ్డ ముంచి పిండి గొట్టం చుట్టూ చుట్టింది. ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్క తీసి ఊదే ముక్కకి ఆనించి పట్టుకోమంది. “ఇత్తడి వేడికి ఒదులవుద్ది, చలికి ముడుచుకుంటది. కంగారు పడితే మాత్రం దేనికీ రాదు,” అంది. కాసేపటికి రెండు వేళ్లతో చిన్న మెలి తిప్పింది, ఊడి వచ్చింది. “పెట్టేటప్పుడూ అంతే. పెట్టి, కొంచెం తిప్పి, ఒదిలెయ్యి. నువ్వు కొట్టక్కర్లేదు, అదే కూర్చుంటది.” ఈ సంగతి ఆవిడ మామాకి చెబుతుందేమోనని రెండు రోజులు భయపడ్డాను. చెప్పలేదు. మూడో రోజు నేనే అడిగితే, “ఏ సంగతే?” అంది.

మంగళవారానికి పది రోజులుందనగా ఒక మధ్యాహ్నం నేను ట్రంపెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాను. అక్క అది నా చేతుల్లోంచి తీసి పక్కన పెట్టి, నీళ్లు నింపిన పెద్ద దల్లా నా ఎడమ చేతిలో పెట్టింది. కుడిచేతిలో పిడి లేని చిన్న కప్పులు నాలుగు, ఒకదానిలో ఒకటి పేర్చి పెట్టింది. “ఇప్పుడు చెప్పు, ఏంటి తేడా?”

తేడా లేదు. ఎడమ చెయ్యి మోస్తుంది, కుడిచెయ్యి తేలిగ్గా ఉండి అందిస్తుంది. గహ్వా పోసే పద్ధతే అది. కూజా ఎడమ చేత్తో పట్టుకోవాలి, కప్పు కుడిచేత్తో ఇవ్వాలి. అటూ ఇటూ అయితే మర్యాద తప్పినట్టు. ఇన్ని వారాలుగా ఆ ఇంట్లో ఉండి, అక్క పోస్తుంటే ఎన్నోసార్లు చూసి కూడా, నేనది గమనించలేదు. నా చెయ్యి దాచుకునే గొడవలో నేనున్నాను.

“కుడిచేతి వాటమోళ్లకి నిండు దల్లా ఎత్తితే ఎడం చెయ్యి ఒణుకుద్దే. నాకే ఏడాది పట్టింది. నీకు ఒణకట్లేదు, చూసుకో,” అంది అక్క. చూసుకున్నాను. దల్లా మూతి కొస కూడా కదలడం లేదు.

ఆ పది రోజులూ సామాన్ల గదిలో నీళ్లతో సాధన చేశాను. దానా నవ్వేది. కానీ గహ్వా పోయడం అక్క చోటు కదా, అది నాకెలా వస్తుంది? దానికీ అక్కే దారి చూసింది. ఆదివారం నాడు నన్ను వెంటబెట్టుకుని మామా దగ్గరికి వెళ్లి, ఎడమ భుజం పట్టేసింది, దల్లా ఎత్తలేను, ఈ పిల్ల పోస్తుంది అని చెప్పింది. శుద్ధ అబద్ధం. పొద్దున్నే అదే భుజం మీద ఇరవై కేజీల బియ్యం బస్తా వేసుకుని వచ్చింది. మామా నన్ను చాలాసేపు చూసి, సరే, మంగళవారం చూద్దాం అంది. బయటికి వచ్చాక, “అక్కా, నేను బాగా పోస్తే ఇక నన్నే ఉంచేస్తారు, నీ చోటు పోతుంది” అన్నాను. “పోతే పోద్ది. నువ్వుంటావు గదా,” అంది. అంత తేలిగ్గా ఇచ్చెయ్యడం నేను అంతకు ముందు ఎవరి దగ్గరా చూడలేదు.

మంగళవారం మామా అత్తగారు వచ్చింది, మాకు ఆవిడ పెద్ద మామా. చుట్టూ పద్దెనిమిది మంది ఆడవాళ్లు. సత్యవతి ఏదని పెద్ద మామా అడిగితే, భుజం పట్టేసిందని మామా చెప్పింది. దల్లా ఎడమ చేతిలోకి, కప్పులు కుడిచేతిలోకి తీసుకున్నాను. కుడివైపు నుంచి మొదలుపెట్టాను. మోచెయ్యి ఒంటికి అంటకుండా, భుజం బిగించకుండా, కప్పులో అడుగుకి కాస్త పైదాకా పోసి, కుడిచేత్తో అందించాను. పద్దెనిమిది మందికీ పోశాను. ఒక్క చుక్క కింద పడలేదు. మామా నన్ను చూడ్డం మానేసి చుట్టాలతో మాటల్లో పడిపోయింది. దానికన్నా పెద్ద మెప్పు ఏముంటుంది?

పెద్ద మామా రెండో కప్పు తీసుకుని నా చేతిని చూస్తూ, “ఎవరు నేర్పారమ్మాయ్?” అని అరబ్బీలో అడిగింది. మామా ఏదో చెప్పబోయింది. నేను ముందే చెప్పేశాను. నాకు వచ్చిన అరబ్బీ ఎంత? “సత్యవతి. వంటింట్లో. భుజం బాగానే ఉంది,” అన్నాను. ఆ చివరి ముక్క ఎందుకన్నానో నాకే తెలీదు. అక్క అబద్ధంతో నేను నిలబడ్డం నాకు నచ్చలేదు, అంతే.

మామా ముఖం ఎర్రబడింది. పెద్ద మామా సత్యవతిని పిలవమంది. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. పెద్ద మామా అక్క భుజాన్ని చూసింది, నా చేతిని చూసింది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. పక్కనున్న దిండు తట్టి, ఇక్కడ కూర్చో అంది. నా వైపు తిరిగి, ఈవిడకి గహ్వా పొయ్యి అంది.

పన్నెండేళ్లు ఆ గదిలో గహ్వా పోసిన మనిషి ఆ గదిలో ఎప్పుడూ కూర్చోలేదు. అక్క దిండు అంచున కూర్చుంది. నేను పోసి, కుడిచేత్తో అందించాను. అందుకుంది. మెల్లగా, చప్పుడు చెయ్యకుండా తాగింది. చాలనుకున్న వాళ్లు ఖాళీ కప్పుని అటూ ఇటూ ఊపి తిరిగిస్తారు, అది అక్కడి పద్ధతి. ఆ పద్ధతి అక్కకి తెలియనిదేం కాదు. ఊపలేదు. కప్పు నా ముందుకి చాపింది. మళ్లీ పోశాను. మళ్లీ చాపింది. మూడోసారి పోసేటప్పుడు మాత్రం కళ్లెత్తి నా ముఖంలోకి చూసి, తెలుగులో, నాకొక్కదానికే వినపడేలా, “బానే పట్టుకున్నావే” అంది.

మక్తబ్ మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అక్క ఇంకో నాలుగేళ్లుండి ఊరెళ్లిపోయింది. ఇప్పుడు ఎంత పెద్ద పెళ్లికి వెళ్లినా, ఎవరో ఒక పెద్దావిడ నా చెయ్యి చూసి, ఇంత చక్కగా ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతుంది. రుమైథియాలో, ఒక వంటింట్లో, రాజోలు బ్యాండు మాస్టారి కూతురి దగ్గర అంటాను. ఆవిడ పేరు సత్యవతి అని కూడా చెబుతాను. అడిగితే చెబుతాను, అడక్కపోయినా చెబుతాను.