వంటింటి డాక్టరమ్మ

పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ల వాళ్ళందరికీ కృష్ణకుమారి పళ్ళ డాక్టరమ్మ. విజయవాడలో బీడీఎస్ చదివి నాలుగేళ్ళు ప్రాక్టీసు చేసింది. ఇక్కడ అమెరికాలోనేమో భర్తది హెచ్‌వన్ ఉద్యోగ వీసా, ఈవిడది భార్యలకిచ్చే హెచ్‌ఫోర్, దాని మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. అయినా మా పిల్లల పళ్ళు ఆవిడే చూడాలి. పొయ్యి మీద కూర ఉడుకుతుండగానే వాళ్ళని వంటింట్లో కుర్చీ ఎక్కించి నోరు తెరిపించేవాళ్ళం. ఊరికే దొరికే సలహా అంటే మనకి ఎంత ప్రేమో!

2006లో శాంతి తన ఏడేళ్ళ కూతురు స్పందనని తీసుకొచ్చింది. పిల్ల నోరు మూస్తే కింది పళ్ళు పై పళ్ళకంటే ముందుకొస్తున్నాయి. పళ్ళూ దవడల వరస సరిచేసే ఆర్థోడాంటిస్ట్ అప్పటికే చెప్పాడు: పై దవడని ముందుకి లాగే ఫేస్ మాస్క్ ఏడాదిపాటు రోజూ నిద్రలో పెట్టాలి, ఎముక ఎదిగే ఈ వయసులోనే.

"అది మొహానికి కట్టుకుని ఎలా పడుకుంటుందండీ? ఇంత చిన్నపిల్లకి అవసరమంటారా?" అని అడిగింది శాంతి. నేను పక్కనే టార్చ్ పట్టుకుని నిలబడ్డాను.

కృష్ణకుమారి అలాంటి కేసు ఒక్కటీ చేయలేదు. ఆ మాట అనేస్తే సరిపోయేది. కానీ ఇక్కడి డాక్టర్ని పక్కన పెట్టి తన మాట కోసం ఒకరు ఎదురుచూసి ఎన్నాళ్ళయిందో!

"పాలపళ్ళు ఊడనీ శాంతీ. పన్నెండేళ్ళకి క్లిప్పులు పెట్టిస్తే చాలు. ఇక్కడి డాక్టర్లకి అన్నిటికీ తొందరే," అంది. మాకు కావలసిన మాట అదే. హాయిగా టీ తాగాం.

పన్నెండో ఏట క్లిప్పులు పెట్టించారు. పళ్ళ వరస కుదిరింది గానీ కింది దవడ ముందుకి పెరుగుతూనే పోయింది. స్పందన నలుగురిలో తినడం మానేసింది.

2015లో హెచ్‌ఫోర్ వాళ్ళలో గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాళ్ళకి వర్క్ పర్మిట్లు వచ్చాయి. పదమూడేళ్ళు ఇంట్లో కూర్చున్న కృష్ణకుమారి ఇంకో ఆర్థోడాంటిస్ట్ దగ్గర అసిస్టెంటుగా చేరింది. రెండో నెలలో శాంతి స్పందనని అక్కడికే తీసుకెళ్ళింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎదుగుదల ఆగాక దవడ ఎముక కోసి జరపాలన్నాడు. క్లిప్పులకి ముందు, ఏడెనిమిదేళ్ళప్పుడే ఎవరికీ చూపించలేదా అని అడిగాడు.

"లేదు డాక్టర్, మాకు తెలీలేదు," అని గబగబా ఇంగ్లీషులో చెప్పేసింది శాంతి. ట్రే పట్టుకుని నిలబడ్డ స్నేహితురాలి ఉద్యోగం పోతుందేమోనని భయం.

కృష్ణకుమారి ట్రే కింద పెట్టింది. "చూపించారు. ఆగమన్నది నేనే," అంది అదే ఇంగ్లీషులో.

స్పందనకి ఈ సంగతి అప్పటిదాకా తెలీదు. తన మొహం పుట్టుకతోనే ఇంతేనని అనుకుంటూ పెరిగింది.

"సో... అప్పుడు దిస్ ఆపచ్చా, ఆంటీ?"

"అప్పుడైతే ఆపి ఉండొచ్చమ్మా," అంది కృష్ణకుమారి.