వరుసలో మొదటి బిందె

నారాయణగూడ చౌరస్తాలో, పట్టపగలు, అరవై మంది చూస్తుండగా నా పరువు పోయింది. వేరే ఎవరూ తీయలేదు. నేనే తెల్లవారుజామున లేచి, కష్టపడి, సొంతంగా నియమాలు పెట్టి మరీ తీసుకున్నాను. నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పటి నుంచే నవ్వుకోవచ్చు. నాకేం అభ్యంతరం లేదు.

అప్పటికి నాది చిన్న వయసే, యాభై ఎనిమిది. అశోక్ నగర్‌లో సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలకు అన్నం పెట్టే మెస్ నాది. పాలమూరు నుంచి ఇటుకలు మోయడానికి ఈ పట్నం వచ్చిన మనిషిని. యాభై ఏడు నిండాక, మెస్‌లో తినే స్వప్న అనే పిల్ల దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. లేటుగా వచ్చిన చదువు కదా, ఆగేది కాదు. చిక్కడపల్లి మీదుగా బస్సు పోతుంటే కిటికీ పక్కన కూర్చుని బోర్డులన్నీ పైకి చదివేదాన్ని. ఒకసారి "మూలవ్యాధికి గ్యారంటీ వైద్యం!" అని గట్టిగా చదివితే పక్కనున్న పెద్దమనిషి లేచి వేరే సీటుకు పోయాడు. పోతే పోయాడు. నాకు చదవడం వచ్చు, ఆయనకు వినడం రాదు.

ఆ ఏడు ఒక కొత్త ఫోన్ వస్తున్నదని హాస్టల్ పిల్లలంతా ఊగిపోయారు. రాజ్యాంగం గురించి కొట్లాడుకుంటూ తినే పిల్లలు, పప్పు చల్లారిపోతున్నా దాని ముచ్చటే. చంద్రుడి మీది గుంతలు కూడా దాంట్లో ఫోటోకు వస్తాయట. చీకట్లో చీమ నడిస్తే కాళ్ళు లెక్కపెట్టొచ్చట. అన్నిటికంటే పెద్ద సంగతి, అది అందరికీ దొరకదట. నారాయణగూడ దుకాణానికి మొదటి రోజు వచ్చేవి ఇరవయ్యేనట!

దొరకదు అన్న మాట వినేదాకా నాకు ఆ ఫోన్ మీద మనసే లేదు. విన్న మరుక్షణం నుంచి అది లేకుండా ఇన్నేళ్ళు ఎలా బతికానో నాకే అర్థం కాలేదు. ఎత్తిన చీటీ పైసలు బియ్యం డబ్బాలో అప్పటికే సిద్ధంగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే మా మనవరాలి మొదటి పుట్టినరోజు దగ్గర పడింది. ఆ ముచ్చట మాట్లాడదామని బర్కత్‌పురలో ఉండే మా వియ్యపురాలు అనసూయమ్మ ఇంటికి పోయాను. పోయినదాన్ని ఊరుకోవచ్చు కదా?

"వదినె, పాప ఫోటోలన్నీ నేనే తీస్త. కొత్త ఫోన్ కొంటున్న."

"ఏది, ఆ చంద్రుని ఫోనా? ఇరవయ్యే వస్తయంట గదా. నీకేడ దొరుకుతది? అది నేను తెస్త."

"నువ్వా? పొద్దున ఎనిమిదింటిదాంక దుప్పటి తియ్యవు, నువ్వు తెస్తవా?"

"దుప్పట్ల ఉండే తెస్త, ఏమనుకున్నవ్! ఒక మాట అనుకుందమా? ఫోన్ తెచ్చినోళ్ళు పాపను ఎత్తుకొని ఫోటోలు దిగాలె. తేనోళ్ళు అరవై మందికి వంట చెయ్యాలె."

"ఒప్పుకున్న!" అన్నాను.

అనడం సులువే. కానీ పదేళ్ళుగా రోజూ గంటె తప్ప వేరేది పట్టని మనిషిని. ఆ ఒక్క రోజైనా పొయ్యికి దూరంగా, పట్టుచీర కట్టుకుని, పాపను చంకనేసుకుని కుర్చీలో కూర్చోవాలని ఎంత ఆశ ఉందో నాకే తెలుసు. ఓడిపోతే మనవరాలి పుట్టినరోజు కూడా నాకు మెస్‌లో ఇంకో రోజే.

లేచి వస్తుంటే అనసూయమ్మ వెనక నుంచి తన పాత పాట ఎత్తుకుంది.

"వదినె, పాప ఇరవై ఒకటో రోజు నాడు పోయిన నా స్టీలు బిందె ఇంకా దొర్కలే. నీ తాన ఉన్నదేమో జర చూడరాదు."

పదకొండు నెలలుగా కలిసినప్పుడల్లా ఇదే. నాకు ఒళ్ళు మండింది.

"నీ బిందె నాకెందుకు? నా బిందె నాకున్నది. దాని మీద నా పేరు కూడ కొట్టించిన!"

చూశారా, నన్ను దొంగను చేస్తోంది!

ఫోన్ వచ్చే రోజు తెల్లవారుజామున అయిదింటికే ఆ బిందె చంకన పెట్టుకుని నారాయణగూడ చేరాను. బిందె ఎందుకంటారా? బస్తీలో బతికినవాళ్ళను అడగండి. నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలియదు. దాని కోసం మనిషి నిలబడితే ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. అందుకే మనిషికి బదులు బిందె నిలబడుతుంది. బిందె ఉన్నదంటే మనిషి ఉన్నట్టే. నీళ్ళకు పనికొచ్చిన పద్ధతి ఫోన్‌కు ఎందుకు పనికిరాదు? మూసిన షట్టర్ ముందు, నడిమధ్యన, నా బిందె పెట్టాను. కొత్త పెళ్ళికూతురిలా తళతళమని మెరిసింది.

వెనకే స్వప్న వచ్చి, వాళ్ళ అన్న కోసమట, తన నల్ల సంచి పెట్టింది. తర్వాత ఇంకో నల్ల సంచి. ఆ తర్వాత ఇంకోటి. హాస్టల్ పిల్లలందరివీ ఒకే రకం నల్ల సంచులని నాకు ఆ రోజే తెలిసింది. వాటి వెనక ఒక హెల్మెట్. ఇక చెప్పులు, గొడుగులు, ఒక పాత కుక్కర్ మూత కూడా. ఆరున్నర కల్లా వరుస మలుపు తిరిగింది, మూడో సంచి నాదంటే నాదని ఇద్దరు పిల్లలు కాలర్లు పట్టుకున్నారు.

న్యాయం చెప్పడానికి నేను లేచాను. ఎవరూ పిలవలేదు.

"ఆగుండ్రి! సామాను మీద పేరుండాలె. పేరు లేకుంటే లెక్క లేదు. అంతే!"

అందరూ సరేనన్నారు. నా ఆనందం చూడాలి మీరు! స్వప్న నోట్‌బుక్కు కాగితాలు చింపి ఇస్తుంటే, జిలేబీలంత అక్షరాలతో ఒక్కో పేరు రాసి ఒక్కో సామానుకు అంటించాను. హెల్మెట్ దగ్గరికి వచ్చేసరికి దాని మనిషి లేడు, చాయ్ తాగడానికి పోయాడు. తీసుకుపోయి వరుస చివర పెట్టాను. ఆయన మీసం తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏందమ్మా, నా హెల్మెట్ ఏడ?"

"వెనక. పేరు లేదు."

"అయిదున్నరకు వచ్చిన నేను!"

"నువ్వు వచ్చినవు. నీ పేరు రాలే."

ఈ మాటకు పిల్లలు ఈలలు వేశారు. ఆయన ముఖం మిరపపండయింది.

"మరి నీ బిందె మీద పేరేది?"

"నా పేరు మీ లెక్క కాయితం ముక్క మీద లేదు నాయనా. కొట్టించిన! గీకినా పోదు!" అని బిందె మెడ మీది చుక్కల్ని వేలితో టకటకా కొట్టి చూపించాను. వేలు బిందె మీద ఉంది, కళ్ళు ఆయన ముఖం మీద ఉన్నాయి. కళ్ళు కూడా వేలి వెంట పోయి ఉంటే ఈ కథే లేదు.

వరుస భద్రంగా ఉందని మెస్‌కు పోయి ఇడ్లీలు దింపి, తొమ్మిదిన్నరకు తిరిగి వచ్చాను. ఉత్త చేతులతో కాదు, పట్టుచీరతో. మొదటి ఫోన్ కొన్నవాళ్ళకు దండ వేస్తారని ఎవరో అన్నారు మరి! దుకాణం ముందు బెలూన్లు, బ్యాండు, ఊగుతున్న జనం. నా గుండె ఆ బ్యాండులో ఇంకో డప్పులా మోగింది.

అప్పుడు ఆటోలోంచి తాపీగా దిగింది అనసూయమ్మ. వరుస పొడవు చూసి, హెల్మెట్ ఆయన వెనకకు పోయి నిలబడింది.

"వదినె! ఎన్నో నంబరు?" అని అక్కడి నుంచే అరిచింది.

"ఒకటి! కూరగాయలు ఎన్నడు తెమ్మంటవ్?" అని ఇక్కడి నుంచి నేను.

షట్టర్ లేచింది. మేనేజరు బయటికొచ్చి సామాను చూసి తెల్లబోతే, పిల్లలు నా నియమం చెప్పారు. ఆయనకు తెగ నచ్చింది.

"మంచిగున్నది. నేను పేర్లు చదువుత, పేరు గలోళ్ళు వచ్చి టోకెన్ తీసుకోండ్రి. ఇరవై అయినంక లొల్లి చెయ్యొద్దు."

బిందె దగ్గర వంగాడు. నేను చీర కుచ్చెళ్ళు సర్దుకుని, దండకు వీలుగా మెడ కొంచెం ముందుకు పెట్టాను.

"అనసూయ," అన్నాడు. "అనసూయ ఎవరమ్మా?"

నేను నవ్వాను. పాపం, చదువు సరిగ్గా లేదనుకున్నాను.

"సారూ, జర మంచిగ చదువు. బాలమ్మ అని ఉంటది."

"లేదమ్మా. అనసూయనే ఉన్నది."

"జరుగు, నేను చదువుత!"

వంగి చదివాను. అ. న. సూ. య. కొంగుతో తుడిచి మళ్ళీ చదివాను. బిందెను ఒక చుట్టు తిప్పాను, అటువైపు నా పేరు ఉంటుందేమోనని. ఎటు తిప్పినా ఆ నాలుగక్షరాలే.

వరుస చివర నుంచి కేక లేచింది.

"నేనే! అనసూయను నేనే! అది నా బిందె! పదకొండు నెలల సంది దేవులాడుతున్న బిందె!"

ఆమె పరుగెత్తగలదని నాకు అంతవరకు తెలియదు.

ఏం జరిగిందో మీకు అర్థమయ్యే ఉంటుంది. రెండు బిందెలూ ఒకే దుకాణంలో కొన్నవి. ఇరవై ఒకటో రోజు హడావుడిలో, నాది కూడా తీసుకుపోయాననుకుని ఆమెది నేను మోసుకొచ్చాను. నేను ఎప్పుడో అటకెక్కించి మరిచిపోయిన నా పేరున్న బిందె అక్కడే చింతపండు నింపుకుని పదకొండు నెలలుగా నన్ను చూసి నవ్వుతోంది. అక్షరాలు రానప్పుడు ఆ చుక్కల పేరు నాకు చీమల బారులా కనిపించేది. దీని మీదా చీమల బారే ఉంది, ఇంకేం కావాలి? అక్షరాలు వచ్చాక చిక్కడపల్లి మొత్తం చదివాను, మూలవ్యాధితో సహా. బిందె మాత్రం చదవలేదు. తనది అనుకున్నదాన్ని ఎవరు చదువుతారు చెప్పండి?

"సారూ, బిందె పెట్టింది నేను! అయిదింటికి వచ్చిన!" అన్నాను.

వెనక నుంచి హెల్మెట్ ఆయన, ఎంత ప్రేమగానో అన్నాడు. "నువ్వు వచ్చినవమ్మా. నీ పేరు రాలే."

అరవై మంది ఒకేసారి నవ్వితే బ్యాండు కూడా వినబడదని నాకు ఆ రోజు తెలిసింది. స్వప్న నా చెయ్యి పట్టుకుని చెవిలో గొణిగింది.

"పెద్దమ్మా, 'అ' తోని మొదలైంది గదా. నేను మొట్టమొదట నేర్పిందే అది."

తన చోటు ఇస్తానంది గానీ, వద్దన్నాను. అప్పటికీ నాలో కొంచెం సిగ్గు మిగిలే ఉంది.

దండ అనసూయమ్మ మెడలో పడింది. కొత్త ఫోన్‌తో ఆమె తీసిన మొదటి ఫోటో నాదే. పట్టుచీర, తెరిచిన నోరు, ఉత్త చేతులు. చంద్రుడి గుంతల సంగతి తెలియదు గానీ, నా ముఖం మీది గుంతలు ఒక్కటి విడవకుండా వచ్చాయి. తర్వాత ఆమె ఫోన్ డబ్బాను బిందెలో వేసుకుని, బిందెను ఒళ్ళో పెట్టుకుని, ఆటో ఎక్కి పోయింది.

పుట్టినరోజు నాడు అరవై మందికి బగారన్నం, మటన్ కూర వండాను. చెమటలు కక్కుతూ గంటె తిప్పుతుంటే అనసూయమ్మ పాపను ఎత్తుకుని వచ్చింది.

"ఇగో వదినె, ఫోను నాది, బిందె నాది. పాప ఇద్దరిది. జరసేపు పట్టు."

పట్టాను. పాప నా ముక్కు పట్టుకుంది. ఆమె ఫోటో తీసింది. చెమట చుక్కలు లెక్కపెట్టొచ్చు, అంత బాగా వచ్చింది.

ఆ రోజే పొయ్యి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను, పేరు చదవకుండా జన్మలో ఏ గిన్నెనూ ముట్టనని. ఎంత నిష్ఠగా పాటిస్తున్నానంటే, మొన్న ముషీరాబాద్‌లో ఒక పెళ్ళికి పోతే నా చేతికి స్టీలు గిన్నె ఇచ్చారు. పేరు అడుగున ఉంటుందేమోనని వెంటనే తిరగేసి చదివాను. పేరు పెళ్ళివాళ్ళదే, ఏ అనుమానమూ లేదు. గిన్నెలోని పాయసం మాత్రం పక్కన కూర్చున్న అనసూయమ్మ పట్టుచీర మీద ఉంది.

అందుకని ప్రతిజ్ఞను కొంచెం సవరించుకున్నాను. ముందు తినాలి, తర్వాత తిరగేయాలి, ఆ తర్వాతే చదవాలి. ఆమె ఫోన్ మీద ఒట్టు.