ఎర్రటి పట్టీకి ఒక పాట

కొలిమిలోంచి తీసిన కమాను పట్టీ మీద సమ్మెట పడితే ఆ దెబ్బ చెవికంటే ముందు పళ్ళకు తెలుస్తుంది. దవడ అదురుతుంది. తర్వాత మోచేయి, ఆ తర్వాత భుజం. సాయంత్రం టీ గ్లాసు పట్టుకుంటే గ్లాసులో టీ ఇంకా వణుకుతూనే ఉంటుంది. ఆటోనగర్‌లో లారీల కమాను కట్టలు బాగుచేసే షెడ్డులో నేను సమ్మెట మనిషిని. పోర్టు నుంచి బొగ్గు తోలే టిప్పర్లూ, స్టీలు చుట్టలు మోసే ట్రైలర్లూ మోయాల్సినదానికంటే ఎక్కువ మోసి, నడుం విరిగిన గొడ్ల మాదిరిగా మా గుమ్మంలోకి వస్తాయి. బరువుకి చదునైపోయిన పట్టీలను విప్పి, ఎర్రగా కాల్చి, బాది, మళ్ళీ విల్లులా వంచడం మా పని.

పనికి ముగ్గురం. పట్టకారుతో పట్టీ పట్టే మేస్త్రి మా అక్క భర్త, నాకు బావ. ఆయనకు కుడిపక్క నేను. ఎడమపక్క నా జోడీ, కంచరపాలెం మనిషి. నాదొక దెబ్బ, వాడిదొక దెబ్బ. దెబ్బకీ దెబ్బకీ మధ్య బావ కుడిచేత్తో పట్టీని కాస్త జరుపుతాడు, ఎడమచేత్తో దాని కింద ఇనుప దిమ్మ సర్దుతాడు. పట్టీని పెట్టి బాదే దాగలి మీద ఆ ఎడమచేయి ఉండేది రెండు దెబ్బల సందులోనే. చుట్టూ గ్రైండర్ల రొదలో నోటిమాట వినపడదు కనుక ఆ సందు ఎప్పుడొస్తుందో చెప్పేది పాటే. ఈ పద్ధతి మాకంటే ముందున్న మేస్త్రీలు పెట్టింది. పట్టీ బయటికి రాగానే పాట మొదలవ్వాలి, పాట అయిపోగానే దెబ్బ ఆగాలి. అప్పటికి ఇనుము నల్లబడిపోతుంది. నల్లటి పట్టీని కొడితే పగులుతుంది, ఆ పగులు ఏ ఘాటు రోడ్డులోనో లారీని బోల్తా కొట్టిస్తుంది.

ఆ పాటలు నావి. కొన్న సీడీల నుంచి ఎక్కించినవి కొన్ని. టేపురికార్డరుకు వైరు తగిలించి కంప్యూటర్లోకి లాగినవి కొన్ని. మా ఊళ్ళ జముకుల కథలవాళ్ళ ముందు కూర్చుని నేనే రికార్డు చేసినవి కొన్ని. పాటను దాని నడకను బట్టి వేరే వేరే ఫోల్డర్లలో పెట్టాను. మందపాటి పట్టీకి నిదానం పాట, పల్చటి పట్టీకి ఉరుకు పాట. ముందు వచ్చే వయొలిన్లూ, చివర మెల్లగా ఆరిపోయే సంగీతమూ కోసేసి, దెబ్బతో మొదలై దెబ్బతో ముగిసేలా చేశాను. షెడ్డులోకి ఒక మెమరీ కార్డు తీసుకెళ్ళేవాణ్ణి. అసలు హార్డ్ డిస్కు ఇంట్లో మూతబిగిసిన డబ్బాలో ఉండేది. సముద్రపు గాలికి మా ఊళ్ళో తుప్పు పట్టనిది లేదు.

నేను పదో తరగతి దాటలేదు. కానీ ఆదివారం వస్తే లైబ్రరీ తలుపు తీసేవాడికంటే ముందు మెట్ల మీద ఉంటాను. లయ గురించి, చెవి గురించి, ఒంటి కదలిక గురించి అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను. అర్థం కానివి రెండోసారి చదివాను. వాటి వల్ల నాకు తెలిసింది ఒకటుంది. చెయ్యి పాటను విని కదలదు. పాట రాబోయే చోటికి ముందే బయల్దేరుతుంది. తల మీదికి లేచిన సమ్మెటను ఆపడం ఎవడి తరమూ కాదు కాబట్టి, మాలాంటివాళ్ళకి తర్వాతి దెబ్బ ఎక్కడుందో ముందే తెలిసి తీరాలి. తెలిసిన పాటే ఎందుకు వినాలో నాకు లైబ్రరీలో అర్థమైంది. ఈ ముక్క చెబితే షెడ్డులో అందరూ నవ్వి, నాకు ‘లైబ్రరీ’ అని పేరు పెట్టారు. పెట్టనీ, అది నాకు బిరుదే.

నా జోడీకి మాత్రం నా పాటలంటే విసుగు పుట్టింది. ఓనరు కొత్త స్పీకరు కొనిపెట్టగానే ఫోన్లోంచి పాటలు పెడతానని మొదలెట్టాడు.

“నీ పాటలు ఇనీ ఇనీ నా సెవులు తుప్పట్టిపోనాయి లైబ్రరీ. ఫోన్లో లోకమంతా ఉన్నాది. నొక్కితే సాలు.”

“నొక్కితే వొత్తాది. సిగ్నలు పోతే పోతాది. రేపు ఆడు తీసేత్తే ఏటి సేత్తావ్?” అన్నాను.

“ఇంకోటి ఇంటాను. పాటేటి, పెళ్ళామేటి?”

ఆ మాట టీ కొట్టు దగ్గర అన్నాడు. బావ అక్కడే ఉన్నాడు. జోడీ భార్య అలిగి పుట్టింటికి పోయిందని అందరికీ తెలుసు. బావ నోరు ఊరుకోలేదు.

“అందుకేట్రా నీ పెళ్ళాం కూడా సిగ్నలు దొరక్కుండా పోనాది?”

కొట్టు కొట్టంతా నవ్వింది. జోడీ గ్లాసును నేలకేసి కొట్టాడు. గాజు పెంకు ఎగిరి ఎవరి కాలికో గుచ్చుకుంది. వాడు బావ చొక్కా పట్టుకుని, మొహంలో మొహం పెట్టి అరిచాడు.

“ఇంకో మాటన్నావంటే పట్టకారు పట్టే ఆ సెయ్యి ఇరగ్గొడతాను. ఇరగ్గొట్టి కొలిమిలో ఎడతాను.”

“ముందు పట్టీని కొట్టడం నేర్సుకో. తరవాత నన్ను కొడుదువు గానీ” అన్నాడు బావ. ఆయన బుగ్గ మీద జోడీ గోరు గీరిన గీత ఎర్రగా తేలింది. ఇద్దర్నీ నలుగురు పట్టి లాగితే గానీ విడిపోలేదు. మా వీధిలో అలాంటివి వారానికొకటి జరుగుతాయి. కానీ ఆ మాట ఆటోనగర్‌లో సగం మంది విన్నారు.

మర్నాడు పొద్దున జోడీ నేరుగా వచ్చి సమ్మెట అందుకున్నాడు. నేను కార్డు పెట్టబోతుంటే బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఇయాల ఆడి ఫోను ఎట్టనీ.”

“మద్దిలో యాడ్ వొత్తాది బావా.”

“వొత్తే వొచ్చింది. ఆడి మొకం సూడు, రేతిరి అన్నం తిన్నట్టు నేదు.”

అది బావ క్షమాపణ. నోటితో చెప్పడం ఆయనకు రాదు. జోడీకీ అర్థమైనట్టుంది. మొహం తిప్పుకునే ఫోను తీసి, పాటలన్నీ ఒకే దండలా గుచ్చినదొకటి పెట్టాడు. మంచి ఉరుకు మీదున్న పాట. నాకు తెలిసిన పాటే.

పట్టీ బయటికొచ్చింది. నా దెబ్బ. వాడి దెబ్బ. నా దెబ్బ. వాడి దెబ్బ. నిప్పు పొలుసులు మా బూట్ల మీద రాలుతున్నాయి. నా సమ్మెట దిగి, వాడిది తల మీదికి లేచింది. సరిగ్గా అప్పుడు పాట తెగింది. దాని చోట ఒక ఆడగొంతు కిలకిలా నవ్వి, ప్రకటనలు లేకుండా పాటలు వినాలని ఉందా అని అడిగింది.

నేను చూశాను. జోడీ సమ్మెట పైన ఒక రెప్పపాటు తడబడింది. బావ చెయ్యి తడబడలేదు. అది పాత లయ మీదే ఉంది. దెబ్బ పడిపోయిందనుకుని దిమ్మ మీదికి వచ్చింది. ఆ ఆలస్యమైన దెబ్బ దాని మీద పడింది.

బావ చేతిలోంచి పట్టకారు జారి, ఎర్రటి పట్టీ నేల మీద పడి చుట్టూ ఉన్న నూనె మట్టిని మండించింది. తోలు గ్లవ్సు చివర రెండు వేళ్ళు కాగితంలా అణిగిపోయి ఉన్నాయి. ఒక్క క్షణం తర్వాత వాటి కుట్లలోంచి రక్తం ఉబికి, దాగలి మీద పడి చుయ్యిమంది. స్పీకర్లో ఆవిడ ఇంకా నవ్వుతూ నెలకెంతో చెబుతోంది.

ఓనరు కారులో బావను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళబోయాను గానీ, జోడీ కొలిమి పక్కన కూలబడి సమ్మెట పిడిని తన నుదుటికేసి కొట్టుకుంటున్నాడు. వాణ్ణి వదిలి వెళ్ళలేకపోయాను. బ్లోయరు ఆపాలని ఎవరికీ తోచలేదు. కొలిమిలో ఇంకో పట్టీ కాలుతూనే ఉంది.

సబ్బవరం నుంచి బావ తమ్ముళ్ళిద్దరూ బండి మీద వచ్చేసరికి మధ్యాహ్నమైంది. టీ కొట్టు మాట వాళ్ళకంటే ముందే వాళ్ళ ఊరు చేరింది. పెద్దవాడి చేతిలో ఇనప రాడ్డు. చిన్నవాడు గుమ్మంలోనే ఒక పానా ఏరుకున్నాడు.

“ఎవుడ్రా మా అన్న సెయ్యి ఇరగ్గొడతానన్నోడు?”

జోడీ లేచి నిలబడ్డాడు. “నానే” అన్నాడు.

రాడ్డు వాడి వీపు మీద పడిన చప్పుడు తడిసిన గోనెసంచిని కొట్టినట్టుంది. రెండో దెబ్బకి మోకాళ్ళ మీద పడ్డాడు. చిన్నవాడు కడుపులో తన్నాడు, జుట్టు పట్టి లేపి పానాతో మూతి మీద కొట్టాడు. పన్ను ఊడి బొగ్గులో పడింది. జోడీ చెయ్యెత్తలేదు. మొహం కూడా కప్పుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఇంకా కొట్టమన్నట్టు అలాగే ఉన్నాడు. పక్క షెడ్ల వాళ్ళు గుమిగూడారు గానీ ఒక్కడూ అడుగు ముందుకెయ్యలేదు.

నేను మధ్యలోకి దూరాను. నా భుజం మీద కూడా ఒకటి పడింది. “తప్పుకో బావా, నీకు కాదిది” అని నన్ను వరస పెట్టి పిలుస్తూనే పెద్దవాడు తోశాడు. తోస్తే వెళ్ళి కొలిమి పక్కనే పడ్డాను. పట్టకారు చేతికి దొరికింది. లోపలున్న పట్టీని పట్టి లాగాను. ఎర్రగా, మనిషి చెయ్యంత పొడుగున్న ఇనుము. దాన్ని జోడీకీ వాళ్ళకీ మధ్య అడ్డంగా పట్టుకున్నాను. చిన్నవాడి కనుబొమలు కమురు కంపు కొట్టాయి. ఇద్దరూ వెనక్కి గెంతారు.

“ముందుకొత్తే కాల్సేత్తాను. నీ మీదొట్టు, కాల్సేత్తాను” అన్నాను. అది బెదిరింపు కాదు. ఆ క్షణాన ఎవరు కదిలినా వాళ్ళ మొహం మీద పెట్టేసేవాణ్ణి. నా చేతులకు అది కావాలని ఉంది కూడా.

అయితే ఇనుము సంగతి వాళ్ళకీ తెలుసు. అన్న మేస్త్రి అయిన ఇంట్లో పుట్టినవాళ్ళు. పెద్దవాడు రాడ్డు భుజానేసుకుని నిలబడ్డాడు. “ఎంతసేపు పడతావు? నల్లబడ్డాక సూద్దాం.”

ఆ ఎరుపు ఒక పాటంత సేపు ఉంటుంది. అంతలోపు వీళ్ళను ఒప్పించకపోతే జోడీ బతకడు. చెప్పడం మొదలుపెట్టాను. పాట తెగడం, లేచిన సమ్మెట ఆగకపోవడం, చెయ్యి లయ కంటే ముందే బయల్దేరడం, పుస్తకంలో చదివినదంతా చెప్పాను. నా గొంతు నాకే పంతులు గొంతులా వినిపించింది.

“యాడ్ వొచ్చి మా అన్న ఏళ్ళు ఇరగ్గొట్టిందంట! ఇన్నావేట్రా?” అని చిన్నవాడు ఉమ్మేశాడు.

పట్టీ అంచులు చీకటి పడుతున్నాయి. నా భుజం దిగిపోతోంది. గుంపులో ఉన్న టీ కొట్టాయనను కేకేశాను. “మా అక్కకి ఫోన్ సెయ్! స్పీకర్లో ఎట్టు!”

ఆసుపత్రిలో బావ పక్కనున్న అక్క ఏడుస్తూ ఎత్తింది. “ఏటైంది తమ్ముడూ? ఆ గోలేటి?”

“నా జోడీని కొట్టి సంపేత్తన్నారు. బావకియ్యే. బేగి.”

బావ గొంతు మత్తుగా వచ్చింది. “ఎవులు కొడతన్నార్రా ఆడ్ని?”

“మేమే అన్నయ్యా. నిన్ను కొట్టినోడ్ని ఒగ్గేత్తావేటి?” అన్నాడు పెద్దవాడు.

“ఆడు కొట్టనేదు. నానే ఎట్టేను సెయ్యి. పాట తెగిపోనాది. ఆ ఆడమనిసి నవ్వింది సూడు, అప్పుడే అనుకున్నాను, నా సెయ్యి పోనాదని.”

“మరి సెయ్యి ఇరగ్గొడతానన్నాడు కదేటి?”

“అన్నాడు. నాను ఆడ్ని రోజూ సంపేత్తానంటాను. సంపేనేటి? ఆడికేటైనా అయితే నా కట్టు ఊడదీసుకుని వొచ్చి మీ ఇద్దర్నీ నానే బాదుతాను. ఎల్లండి ఇంటికి.”

పట్టీ పూర్తిగా నల్లబడిపోయింది. వాళ్ళు కావాలంటే ఇప్పుడు రావచ్చు. పెద్దవాడు నావైపు, నా వెనక రక్తం మింగుతున్న జోడీ వైపు చూసి, రాడ్డును తుక్కు కుప్పలోకి విసిరాడు. చిన్నవాడికి మాత్రం కోపం ఎటు పోవాలో తెలియలేదు. నా సమ్మెట ఎత్తి ఓనరు కొత్త స్పీకరు మీద వేశాడు. అది చితికిపోయాక కూడా కొడుతూనే ఉన్నాడు. ఎవరూ ఆపలేదు.

బావకు రెండు వేళ్ళు తీసేశారు. కుట్లు మానేదాకా జోడీ షెడ్డు ఛాయలకు రాలేదు. పోర్టు దగ్గర మూటలు మోస్తున్నాడని తెలిసి బావే స్వయంగా వెళ్ళి, వాడి బండి తాళాలు లాక్కుని, వాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. ఆ సంగతి తెలిసి తమ్ముళ్ళిద్దరూ వచ్చి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ళు ఫోనులో మాటకు లొంగారు గానీ నమ్మలేదు.

“నావల్ల కాదు మేస్త్రీ. నా సెయ్యి ఒణుకుతంది” అన్నాడు జోడీ. ముందుపన్ను లేక మాట ఈలేస్తోంది.

“నాది ఒణుకుతందేటి?” అంటూ బావ ఎడమచెయ్యి దాగలి మీద చాపి పెట్టాడు. మూడు వేళ్ళు. గులాబీ రంగు మచ్చలు. “పాట ఎట్టరా లైబ్రరీ. నీది ఎట్టు.”

కార్డు పెట్టి, మందపాటి పట్టీ పాట నొక్కాను. బావ కొలిమిలోంచి ఇనుము తీశాడు. నా దెబ్బ పడింది. జోడీ సమ్మెట లేచింది గానీ పట్టీని తాకలేదు, దాగలి అంచుకు తగిలి పక్కకి జారింది. గుమ్మంలో చిన్న తమ్ముడు అడుగు ముందుకేశాడు.

బావ తల కూడా తిప్పలేదు. “మా ఆవిడ ఇంతకన్నా గట్టిగా కొడతాది. కొట్టరా!”

చరణం మొదలైంది. బావ చెయ్యి దిమ్మ మీదికి వెళ్ళింది, వచ్చేసింది. జోడీ పళ్ళు బిగించి, కళ్ళలోంచి నీళ్ళు కారుతుండగా, నాకు తెలిసినంతలో ఎన్నడూ కొట్టనంత బలంగా కొట్టాడు. పట్టీ వంగింది. నిప్పు పొలుసులు గుమ్మందాకా ఎగిరాయి. తమ్ముడు చొక్కా దులుపుకుంటూ వెనక్కి జరిగాడు. నా వంతు వచ్చింది. కొట్టాను.