ఎర్ర గీతల ముఖం

మా పై అంతస్తు అంకుల్ పోయారు. సింగపూర్ రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఉండగా మా ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. వడ్రంగి బల్ల దగ్గరే గుండె ఆగిపోయిందట. ఒకప్పుడు ఆయన నన్ను కొట్టారు, నేనూ ఆయన మీద చెయ్యి చేసుకున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు పొగడ్తలతో మొదలుపెట్టడం నా వల్ల కావడం లేదు. చదివేవాళ్ళు క్షమించాలి.

అంకుల్ మలేసియా రబ్బరు తోటలో పుట్టిన తెలుగాయన. తాతలు శ్రీకాకుళం నుంచి కూలికి వెళ్ళినవాళ్ళు. పడుచుతనంలోనే వడ్రంగం పనికి సింగపూర్ వచ్చేశారు. బిషాన్‌లో మా ఇంటికి వస్తే, కూర్చునే ముందు కుర్చీని తలకిందులు చేసి చూసేవారు. "మేకులు కొట్టీసినారు బాబూ. సెక్క ఏటి పాపం సేసింది?" అని నేల మీద చతికిలబడేవారు. ఎవరింట్లో తలుపు కిర్రుమన్నా పిలవకుండానే ఉలి పట్టుకుని దిగేవారు.

కొత్త శతాబ్దం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయని లోకమంతా కంగారుపడ్డ రోజుల్లో, మా ఆఫీసువాళ్ళం టోక్యో కంపెనీ ఒకదానికి వాటిని సరిచేసిపెట్టాం. అక్కడి మేనేజరు సంతోషించి నాకొక బొమ్మ పంపాడు. కబుకి అనేది వాళ్ళ రంగస్థల నాటకం. అందులో వేషం కట్టిన నటుణ్ణి చెక్క మీద చెక్కి, రంగులద్ది, కాగితం మీద అచ్చు వేశారు. తెల్లగా పూసిన ముఖం మీద కత్తి గాట్లలా ఎర్ర గీతలు, ముక్కు వైపు తిరిగిన గుడ్లు. అద్దం కట్టించి హాల్లో పెట్టి, వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయాను.

ఆదివారం టీకి వచ్చిన అంకుల్ దాన్ని చూశారు. చేతిలో కప్పు జారిపోయింది. లేచి పిడికిలితో అద్దాన్ని ఒక్క గుద్దు గుద్దారు. మళ్ళీ ఇంకోటి. అద్దం పగిలి చెయ్యి చీరుకుపోయినా ఆగలేదు. నేను చొక్కా పట్టి లాగితే ఆ నెత్తుటి చేత్తోనే నా చెంప పగలగొట్టారు. ఒళ్ళు తెలియని కోపంతో ఆయన్ని గోడకేసి తోశాను. తల గోడకు కొట్టుకున్న చప్పుడు నాకింకా వినిపిస్తుంది. అరవై దాటిన మనిషని కూడా చూడలేదు. మా ఆవిడ మధ్యలో పడకపోతే ఏం చేసి ఉండేవాణ్ణో తెలియదు.

మూడో రోజు చేతికి కట్టుతో, తనే చేసిన టేకు ఫ్రేముతో వచ్చారు. తల వెనక ఇంకా వాచే ఉంది. దాని మాటెత్తలేదు. బొమ్మను ఫ్రేములో అమరుస్తూ చెప్పారు.

"మా అయ్య తోటలో వీధినాటకం ఆడేవోడు. హిరణ్యకశిపుడి వేషం. మొహానికి ఇలాగే ఎర్ర గీతలు. పెద్ద యుద్ధం రోజుల్లో జెపున్ సోల్జర్లు, అదే జపానోళ్ళు, సయాం రైలు పనికి మగోళ్ళని పట్టుకుపోడానికి వచ్చినారు. వేషం సూసి నవ్వినారు, ఆడమన్నారు. ఆడినాడు, గుడ్లురిమి సూసినాడు. తననే ఉరుముతున్నాడనుకుని ఒకడు తుపాకీ మడంతో మొహం మీద కొట్టినాడు. పడిపోనా కొట్టినారు. పేణం పోనాక కూడా కొట్టినారు. రంగేదో నెత్తురేదో తెల్నేదు."

"అందుకే బొమ్మను కొట్టారా అంకుల్?"

"అదే తెల్దు బాబూ. అయ్యకి ఫోటో నేదు. ఆ మొహం మరిసిపోనాను. మీ గోడ మీద కనబడింది. జెపునోణ్ణి కొట్టినానో, మా అయ్యనే కొట్టినానో." ఫ్రేము మూల సరిచేస్తూ, "ఇది నాకిస్తావా?" అన్నారు.

మేనేజరు వచ్చే నెల వస్తాడు, చూసి వెళ్ళాక ఇస్తానన్నాను. అతను వచ్చాడు, వెళ్ళాడు. నేనివ్వలేదు. మరిచిపోయానని చెప్పాను గాని అది అబద్ధం. చెంపదెబ్బ లోపల అప్పటికింకా మండుతూనే ఉంది. ఆయన మళ్ళీ అడగలేదు. మా పాపకు చదువుకునే బల్ల చేసిచ్చారు. ప్రతి ఆదివారం వచ్చి బొమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని, టీ చల్లారిపోయేదాకా చూసి వెళ్ళేవారు. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

నిన్న బొమ్మను గోడ మీంచి తీసి, మా బ్లాకు కింద గోడలు లేకుండా ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో ఆయన్ని పడుకోబెట్టిన చోటికి తీసుకెళ్ళాను. ఆయన భార్య, మా ఆంటీ, దాన్ని నా చేతుల్లోంచి అందుకున్నారు. కొంగుతో తుడిచి, ఆయన తల దగ్గర దీపం వెనక నిలబెట్టారు. మలేసియా నుంచి వుడ్‌ల్యాండ్స్ వంతెన దాటి వచ్చిన చుట్టాలు ఆ గుడ్లను చూసి వెనక్కి తగ్గారు. ఒకావిడ మెల్లగా, "ఎవురమ్మా ఈ జెపునాయన?" అని అడిగింది.

"మా మావగారు," అన్నారు ఆంటీ. భుజం నిండా పైట కప్పుకుని, ఆ ముఖానికి ఎదురుగా నిలబడకుండా పక్కకు తప్పుకున్నారు.